జేబు మీద చెయ్యి

ఆ పెద్ద కొట్టులోకి అడుగు పెట్టగానే ఎవరికైనా చూపు సరుకుల మీదికి పోతుంది. తాళాల పనివాడి చూపు మాత్రం ముందు బిల్లు కట్టే చోటికి పోయేది. ఎడమ వైపు మనుషులు కూర్చునే కౌంటర్లు, కుడి వైపు వరసగా నిలబెట్టిన మిషన్లు. మిషను దగ్గర ఎవరి సరుకు వాళ్ళే స్కాన్ చేసుకుని, పక్కనున్న పళ్ళెంలో పెట్టి, డబ్బు కట్టి, ఎవరితోనూ మాట లేకుండా వెళ్ళిపోవచ్చు. మిషన్ల దగ్గర జనం కిటకిటలాడుతున్నా, కౌంటర్లు ఖాళీగా ఉన్నా, అతను వెళ్ళి మిషన్ల వరసలోనే నిలబడేవాడు. చూసినవాళ్ళు ఇదేం చోద్యమనుకునేవాళ్ళు.

అతనికి నత్తి. మిగతా మాటలు ఎలాగోలా దొర్లించుకొచ్చేవాడు గాని, 'త' అన్న అక్షరం దగ్గర నాలుక పళ్ళకి అతుక్కుపోయేది. దేవుడి లీల ఏమిటో, అన్నం పెట్టే పని పేరే ఆ అక్షరంతో మొదలైంది. అందుకని తాళంకప్ప అనాల్సిన చోట తల తీసేసి ఒట్టి 'కప్ప' అనడం చిన్ననాడే అలవాటు చేసుకున్నాడు. వీధిలో పిల్లలకి అతను కప్పల మామయ్య. "మామయ్యా, ఇవాళ ఎన్ని కప్పలు పట్టావు?" అని వాళ్ళు అరిస్తే వేళ్ళు చూపించి నవ్వేవాడు. ఇంట్లో భార్య దగ్గర నత్తి సగానికి తగ్గేది. పోట్లాటలో అసలు ఉండేదే కాదు. "రోజూ నాతో ఓ పూట దెబ్బలాడండి, గడగడా మాట్లాడేస్తారు," అనేది ఆవిడ.

పని నేర్పింది మేనమామ. ఆకురాయి పట్టడం కంటే ముందు ఆయన రెండు నియమాలు నేర్పాడు. "అల్లుడూ, కప్పా చెవీ ఒకే సంచిలో ప్రయాణం చెయ్యకూడదురా. కప్ప సంచిలో, చెవి గుండె మీది జేబులో. సంచి పోయినా ఇల్లు పోదు." ఇది మొదటిది. "ఎవరి తాళంచెవీ నలుగురిలో తియ్యకు. ఎలా ఇచ్చారో అలాగే వాళ్ళ చేతిలో పెట్టు. మనకి చెవి ఇచ్చారంటే ఇల్లు ఇచ్చారనే," ఇది రెండోది. మామయ్య పోయి చాలా కాలమైంది. అన్నం కుడిచేత్తో తినాలని ఎవరూ గుర్తుచేయనక్కర్లేనట్టే, అతని చేతులకి ఆ రెండు నియమాలూ ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. కప్ప తాకితే చెయ్యి సంచికి పోయేది, చెవి తాకితే జేబుకి పోయేది.

ఒకప్పుడు అతను కూడా కౌంటరు దగ్గరికే వెళ్ళేవాడు, అదీ మూడో కౌంటరుకి. అక్కడ కూర్చునే ఆవిడని అందరూ మూడో కౌంటరక్క అనేవాళ్ళు. మంచి మనిషి. బరువు సరుకు అడుగున, మెత్తని సరుకు పైన సర్ది ఇచ్చేది. ముసలివాళ్ళు వస్తే తన స్టూలు ఇచ్చి తను నిలబడేది. ఒక రోజు అతని వంతు వచ్చినప్పుడు, "సంచి తెచ్చారా అన్నయ్యా?" అని అడిగింది. తెచ్చాను అనాలి. చంకలోనే ఉంది సంచి, ఎత్తి చూపిస్తే సరిపోయేది. కానీ అడిగినదానికి నోటితో జవాబు చెప్పాలనిపించింది అతనికి. "తె... తె..." అంటూ ఆగిపోయాడు. వెనకాయన గడియారం చూసుకున్నాడు. మరొకావిడ నిట్టూర్చింది. అప్పుడు అక్క వరస వైపు తిరిగి, "కాస్త ఓపిక పట్టండమ్మా, పాపం ఆయనకి మాట సరిగ్గా రాదు," అంది.

ఆ మాటలో ఒక్క ముల్లు కూడా లేదు. అయినా గుచ్చుకుంది. వరసలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా అతని వైపు తిరిగి జాలిగా చూశాయి. మర్నాటి నుంచి అతను మిషన్ల వైపు తిరిగాడు. మిషను సంచి తెచ్చావా అని నోటితో అడగదు, తెర మీద రాసి అడుగుతుంది. వేలితో నొక్కితే ఒప్పుకుంటుంది. జాలిపడదు. అతను వచ్చినప్పుడల్లా అక్క మెడ చాచి ఇటు చూడడం అతనికి తెలుసు. తనవల్ల ఏం తప్పు జరిగిందో ఆవిడకి అంతుపట్టలేదు. ఆవిడ చూసినప్పుడల్లా అతను తెర వైపు మరింత వంగేవాడు.

ఇలా నడుస్తుండగా ఒక రోజు పొద్దున్నే ఆడపిల్లల హాస్టలు వార్డెనమ్మ అతని కొట్టు ముందుకి వచ్చింది. మనిషికి నిద్ర లేదని కళ్ళే చెప్తున్నాయి.

"రాత్రి మళ్ళీ ఎవరో వెనక తలుపు గొళ్ళెం కదిపారు. పిల్లలు దీపాలు ఆర్పకుండా, ఒకరినొకరు పట్టుకుని పడుకున్నారు. ఇవాళ వాళ్ళు కాలేజీల నుంచి వచ్చేలోపు ఆ తలుపుకి గట్టి తాళం పడాలి. నాకు బయట పనులున్నాయి. ఇదిగో, ముందు తలుపు తాళంచెవి. మీరే తెరుచుకుని పని కానిచ్చేయండి," అని అతని అరచేతిలో పెట్టింది.

తాళంచెవికి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద గుండ్రని అక్షరాలతో హాస్టలు పేరు, వీధి, తలుపు నంబరు, 'ముందు తలుపు' అని రాసి ఉంది. ఇది ఎవడి చేతిలో పడినా దారి అడిగే పని కూడా లేదు.

"ఇ... ఇది తీ... తీసేయండమ్మా," అన్నాడు.

"ఉండనీయండి, మీ గుత్తిలో కలిసిపోతుంది మళ్ళీ," అంటూ ఆవిడ అప్పటికే రోడ్డు దాటుతోంది.

తనే తెంచేద్దామా అనుకున్నాడు. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగివ్వాలి కదా. జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టి చూసుకున్నాడు.

వెనక తలుపు కొలతకి సరిపోయే లావుపాటి కొక్కెం ఉన్న కప్ప అతని కొట్టులో లేదు. అందుకని పెద్ద కొట్టుకి వెళ్ళాడు. ఇనుప సామాన్ల వరసలో కావలసింది దొరికింది. అట్టపెట్టె తెరిచి, కప్ప బయటికి తీసి, చెవి పెట్టి తిప్పి, లోపలి చప్పుడు విన్నాడు. లోపలి బుడిపెలన్నీ బుద్ధిమంతుల్లా పైకి లేచి దిగుతున్నాయి. తృప్తిపడ్డాడు. చెవులు రెండూ వలయంతో సహా జేబులో వేసుకున్నాడు, కప్పని పెట్టెలో పెట్టి మూశాడు. వేసుకున్నది అతను కాదు, అతని చెయ్యి. మామయ్య నేర్పిన చెయ్యి.

పైన గోడ మూలన కెమెరా ఉంది. అది ఏ మామయ్య దగ్గరా పని నేర్చుకోలేదు.

మిషను ముందు నిలబడి పెట్టె స్కాన్ చేశాడు. కుయ్ మంది. పళ్ళెంలో పెట్టాడు. పచ్చ దీపం బదులు ఎర్ర దీపం వెలిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: బరువు సరిపోలేదు, మా మనిషి వచ్చేదాకా ఆగండి. పెట్టె తీసి మళ్ళీ పెట్టాడు. దీపం అలాగే ఉంది. ఇంతకాలం నోరెత్తని మిషను కాస్తా పెద్దగా గంట కొట్టడం మొదలుపెట్టింది.

గేటు కాపలావాడు గబగబా వచ్చాడు. ఆ నెల మిషన్ల దగ్గర సరుకు పోతోందని మేనేజరు అతన్ని పొద్దున్నే చీవాట్లు పెట్టాడు. గేటు పక్కన కొత్తగా ఒక బోర్డు కూడా పెట్టించారు. దొరికినవాళ్ళని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, ఫొటో తీసి ఆ బోర్డుకి అంటిస్తున్నారు. ఆ బోర్డు ముందు నుంచే ఊరంతా నడవాలి. దాని మీద ఒకసారి మొహం పడ్డాక, ఆ మనిషి చేతిలో తాళంచెవి పెట్టేవాడు ఎవడు?

కాపలావాడు చేతిలోని ఫోను అతని మొహం ముందు పెట్టాడు. అందులో అతనే ఉన్నాడు. పెట్టె తెరుస్తున్నాడు, ఏదో తీస్తున్నాడు, జేబులో వేసుకుంటున్నాడు.

"ఏం తీశావు లోపలినుంచి?"

అప్పుడు గాని అతనికి వెలగలేదు. చెవులు. పెట్టెలో ఉండాల్సిన చెవులు జేబులో ఉన్నాయి. ఒక్క మాట చెప్తే సరిపోతుంది. "తా..." అన్నాడు. నాలుక పళ్ళకి అతుక్కుపోయింది.

"తా అంటే? జేబులో ఉన్నది బయట పెట్టు."

చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. అందులో కొత్త చెవులొక్కటే లేవు. అట్టముక్క కట్టిన తాళంచెవి కూడా ఉంది. అప్పటికే చుట్టూ జనం మూగారు. ఎవరెవరో, ఎక్కడెక్కడి వాళ్ళో. రాత్రిళ్ళు ఆ గొళ్ళెం కదిపేవాడు ఈ గుంపులోనే లేడని ఎవరు చెప్పగలరు? జేబు బోర్లిస్తే, అట్టముక్క గుండ్రని అక్షరాలతో సహా అందరి ముందూ పడుతుంది.

అతను అరచెయ్యి జేబు మీద గట్టిగా అదుముకున్నాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట," అన్నాడు కాపలావాడు. "చూడండి, చూడండి."

"ఈయన తాళాలు బాగుచేసేవాడు కదూ?" అంది ఎవరో ఆవిడ.

"అయితే ఇంకేం, దొంగ చేతికే తాళాలిచ్చామన్నమాట," అన్నాడు పక్కనాయన. రెండు మూడు నవ్వులు వినిపించాయి.

రాసి చూపిద్దామని తోచింది. పెన్సిలు కూడా ఆ జేబులోనే ఉంది. రెండు వేళ్ళు లోపలికి పెట్టబోతే కాపలావాడు మణికట్టు పట్టుకున్నాడు. "మెల్లిగా ఇంకో చోటికి మార్చేద్దామనా? తియ్యి చెయ్యి." మేనేజరు కూడా వచ్చాడు. కుర్రవాడు, మెడలో కార్డు పట్టీ, మాటలో తొందర. "ఇక్కడ గొడవెందుకు? గదిలోకి తీసుకురా. అక్కడ చూద్దాం," అన్నాడు.

గది అనగానే బోర్డు కళ్ళ ముందు మెదిలింది. మొహం తిప్పుకోబోయి, మూడో కౌంటరు వరసలో ఫినాయిలు సీసాలు పట్టుకుని నిలబడ్డ వార్డెనమ్మని చూశాడు. ఆవిడ అతన్నే చూస్తోంది. ఆ చూపు మొదట అతని మొహం మీద ఉంది. తర్వాత జేబు మీదికి దిగింది. అక్కడే ఆగిపోయింది. నా తాళంచెవి ఈ మనిషి దగ్గరుందే అని ఆ చూపు అనుకోవడం అతనికి వినబడినట్టే అయింది. దేవుడా, ఒక్క మాట ఇప్పించు, జన్మంతా కాకపోయినా ఈ ఒక్కసారికి, అని లోపల వేడుకున్నాడు.

మూడో కౌంటరు మీద 'పక్క కౌంటరుకి వెళ్ళండి' అన్న పలక పడింది. అక్క లేచి వస్తోంది.

ఇప్పుడు ఆ మాట మళ్ళీ అంటుంది. పాపం, ఆయనకి మాట రాదు. అంటే వదిలేస్తారేమో కూడా. జాలిపడి వదిలేస్తారు. జాలిపడి వదిలేసినవాడి చేతిలో కూడా ఎవరూ తాళంచెవి పెట్టరు.

అక్క వచ్చి కాపలావాడి చేతిని మణికట్టు మీది నుంచి మెల్లగా తీసింది. "బాబాయ్, ఆయన ఎక్కడికీ పోడు. మొదటి నుంచీ ఈ వీధి మనిషి," అంది. తర్వాత అతని వైపు తిరిగి, "చెప్పండి అన్నయ్యా," అంది. అంతే. ఇంకేమీ అనలేదు.

"తా..." అన్నాడతను.

ఆవిడ పెదవులు కదిలాయి. మాట అందించబోయింది. అతని కళ్ళలో ఏం కనిపించిందో, నోరు గట్టిగా మూసుకుంది. చేతులు కట్టుకుని నిలబడింది.

"తా... తా..."

"త్వరగా తేల్చండి, బయట నాకు పని ఉంది," అన్నాడెవరో వెనకనుంచి.

"ఉంటే వెళ్ళిరండి బాబూ. ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు," అంది అక్క వెనక్కి తిరగకుండానే.

మిషను గంట కొడుతూనే ఉంది. అతను కళ్ళు మూసుకున్నాడు. కప్ప అనొచ్చు, చెవి అనొచ్చు, అలవాటైన దొడ్డిదారులు ఉన్నాయి. కానీ ఇవాళ ఆ దారిన పోతే జనం నవ్వుతారు, నవ్వితే ఇక మిగతా మాట రాదు. తిన్నగానే వెళ్ళాలి. బిగుసుకుపోయిన కప్పని బలంతో తిప్పితే చెవి విరుగుతుందని, కాస్త వదులు చేసి మళ్ళీ తిప్పాలని మామయ్య చెప్పేవాడు. నాలుకని వదిలేశాడు. ఊపిరి తీసుకున్నాడు.

"తా... ళంచెవులు. దీనివి. నా జేబులో ఉన్నాయి. క... కప్పతో కలిపి పెట్టను. అది మా పని ప... పద్ధతి. పొ... పొరపాటైంది." ఆగి మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. "ఇంకొకరిది కూడా ఉంది. అది నలుగురిలో తీ... తియ్యను. గదిలోకి తీసుకెళ్ళినా తియ్యను."

చాలా సేపు పట్టింది. ఆ సేపంతా అక్క చూపు కూడా తిప్పలేదు.

"సరే, దీనివి మాత్రం తియ్యగలరా? లోపలికి చూడకుండా, వేళ్ళతో తడిమి?" అని అడిగింది.

అతను ఒక చేత్తో జేబు మూసుకునే రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చాడు. కాపలావాడు ముందుకి వంగాడు. వేళ్ళకి ముందు అట్టముక్క అంచు తగిలింది. దాన్ని అడుక్కి నొక్కిపెట్టాడు. పక్కనే పెన్సిలు. దాని కింద చల్లని వలయం. మెల్లగా బయటికి లాగాడు. దారం పోగు ఒకటి వలయానికి చిక్కుకుని వెంట వచ్చింది. జేబు అంచున అట్టముక్క తెల్లని మూల మెరిసింది. వేలి గోరుతో దారాన్ని తప్పించాడు. అట్టముక్క మళ్ళీ లోపలికి జారింది. కొత్త చెవులు రెండూ చేతిలోకి వచ్చాయి.

వాటిని పళ్ళెంలో, పెట్టె మీద పెట్టాడు.

గంట ఆగిపోయింది. ఎర్ర దీపం ఆరి పచ్చ దీపం వెలిగింది. తెర మీద డబ్బు కట్టమని వస్తే కట్టేశాడు.

దొంగ చేతికి తాళాలన్నాయన తన బుట్టలో ఏదో వెతుక్కోసాగాడు. మేనేజరు మెడలో పట్టీ సవరించుకుని, "సారీ అండీ. మిషను అలా చూపించింది," అన్నాడు.

"మిషను బరువు తక్కువుందనే చెప్పింది సార్," అంది అక్క. "దొంగ అనలేదు. అది మనం అన్నాం."

కాపలావాడు కప్ప పెట్టెని తనే సంచిలో పెట్టి అందించాడు. "నాకూ పొద్దున్నే అక్షింతలు పడ్డాయి బావా. మనసులో పెట్టుకోకు," అని గొణిగాడు. ఇంతలోనే బావనయ్యానే అనుకుంటూ, అతను తల ఊపి, కొత్త చెవులు జేబులో వేసుకుని బయటికి నడిచాడు. అక్కకి ఏదో చెప్పాలనుకున్నాడు. ఆవిడ అప్పటికే తన కౌంటరు మీది పలక తీసేస్తోంది.

గేటు దాటాడో లేదో వెనకనుంచి అడుగుల చప్పుడు. వార్డెనమ్మ. సరుకులు ఎక్కడ వదిలేసిందో, ఉత్తి చేతులతో వస్తోంది.

"నా తాళంచెవి ఇలా ఇవ్వండి," అంది చెయ్యి చాచి.

అంతా అయిపోయిందనుకున్నాడు. పచ్చ దీపం వెలిగితే మాత్రం ఏం, మనసులో ఎర్ర దీపం ఆరొద్దూ. గోడ వైపు తిరిగి, ఎవరికీ కనబడకుండా, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టుగా ఆవిడ అరచేతిలో పెట్టాడు.

ఆవిడ దారం పళ్ళతో కొరికి తెంపింది. అట్టముక్కని ముక్కలు ముక్కలుగా చింపి, ఆ ముక్కలు కూడా కింద పడెయ్యకుండా తన సంచిలో వేసుకుంది. ఉత్తి తాళంచెవిని మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

"పొద్దున మీరు చెప్పబోతుంటే నేను ఆగలేదు," అంది. "అక్కడ... ఒక్క క్షణం నేను కూడా అనుమానపడ్డానండీ. వచ్చి మీ తరఫున మాట్లాడాల్సింది. కాళ్ళు కదల్లేదు. మీరేమో ఆ చీటీ బయటపడుతుందని అన్ని మాటలు పడుతూ నిలబడ్డారు."

"సా... సాయంత్రంలోపు వేసేస్తానమ్మా," అన్నాడతను.

ఆడపిల్లలు తిరిగొచ్చేసరికి వెనక తలుపుకి కొత్త కప్ప వేలాడుతోంది. వాళ్ళలో ఒకమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసి, "ఇవాళ దీపం ఆర్పేసి పడుకుందామే," అంది పక్క పిల్లతో. పనిముట్లు సర్దుకుంటున్న అతనికి ఆ మాట వినబడింది.

ఇంటికెళ్ళి భార్యకి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ ఒక చోట ఆపింది. "మీరు నత్తి లేకుండా చెప్తున్నారు. ఎవరి మీద కోపం?" అతను ఆలోచించాడు. "ఎవరి మీదా లేదే," అన్నాడు. అన్నాక మళ్ళీ నత్తి వచ్చింది, ఆవిడ నవ్వేసింది.

తర్వాత కూడా అతను తొందరగా ఉన్న రోజుల్లో మిషను దగ్గరికే వెళ్ళాడు. దాని మీద అతనికి కోపం లేదు, అది చూసినదే చెప్పింది. కప్పలు కొనాల్సిన రోజు మాత్రం ఎడమ వైపు తిరిగేవాడు. మొదటిసారి అలా తిరిగిన రోజు మూడో కౌంటరు ముందు వరస పొడుగ్గా ఉంది. అతని వంతు వచ్చింది. అక్క తలెత్తి చూసింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. అడిగింది.

"సంచి తెచ్చారా అన్నయ్యా?"

సంచి చంకలోనే ఉంది. ఎత్తి చూపించలేదు.

"తె..." అన్నాడు. వరసలో ఎవరో కదిలారు. అక్క చేతులు కట్టుకుంది.

"తె... తెచ్చానమ్మా."

"అయితే ఇలా ఇవ్వండి," అని అక్క సంచి అందుకుని, కప్ప అడుగున పెట్టింది. చెవులు మాత్రం విడిగా అతని చేతికే ఇచ్చింది.

అతని చెయ్యి జేబుకి పోయింది.